యాత్రకు వెళ్ళిన దువ్వెన

వార్డెనమ్మకి దేవుడంటే భక్తే గానీ భయం లేదు. భయం అనేది ఆవిడ ఇతరులకి పంచిపెట్టే వస్తువు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరైంది. ఆవిడ చెప్పుల చప్పుడు వరండా ఆ చివర వినిపిస్తే, ఈ చివర గదిలో రేడియో దానంతటదే ఆగిపోయేదని చెప్పుకునేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా వెనకా ముందుగా పోతే తమ్ముణ్ణి తనే పెంచింది, చదివించింది, బస్సు డిపోలో మెకానిక్‌గా కుదిరేదాకా వాడి వెంటపడింది. ఇక వాడికో మంచి పిల్లని చూడాలనుకుంది. ఆదివారం గుడిలో పాటలు పాడే పిల్లని, జపమాల అందుకుంటే వేళ్ళు వాటంతటవే కదిలే పిల్లని. ఆ కష్టం లేకుండా తమ్ముడు తనే చూసుకున్నాడు. ఆ పిల్ల బ్యూటీ పార్లర్ నడుపుతుంది.

"ఏం నడుపుతుందీ?" అని రెండుసార్లు అడిగింది వార్డెనమ్మ, మొదటిసారి సరిగ్గానే వినిపించినా.

పార్లరంటే పెద్దదేం కాదు, ఇంటి ముందు గదే. గోడకి నిలువుటద్దం, దాని ముందు గిర్రున తిరిగే కుర్చీ, రెక్సిన్ చిరిగినచోట అతికించిన పట్టీ, తలుపు బదులు పువ్వుల కర్టెను. వార్డెనమ్మ తమ్ముడింటికి వస్తే ఆ గదిలోంచి కాకుండా పక్క సందులోంచి చుట్టూ తిరిగి వంటింటి తలుపున వచ్చేది. కనుబొమ్మలు దిద్దించుకునేవాళ్ళ మధ్యలోంచి జపమాల పట్టుకుని నడవడం ఆవిడకి నామోషీ. మరదలికి ఆ సంగతి తెలుసు. తెలిసినా, "వదిన వస్తున్నారు, వంటింటి గడియ తీసి ఉంచండి" అని మొగుడికి కేకేసేది తప్ప మరో మాట అనేది కాదు.

మరదలి లోపాలు వార్డెనమ్మకి కంఠతా వచ్చు. పగలబడి నవ్వుతుంది. గుడిలో చివరి బెంచీ దాటి ముందుకు రాదు. ఇంట్లో జపమాల చెప్పుకుంటుంటే సగానికి కునుకు, చివరికొచ్చేసరికి గురక. పైగా మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడదు, నెత్తి వైపు చూస్తుంది.

"ఏంటే అలా చూస్తావు? నా తలమీద కొమ్ములేమైనా మొలిచాయా?"

"లేదు వదినా, పాపిడి కాస్త వంకరపోయింది."

"వంకరపోతే పోనీ. దేవుడు పాపిడి చూసి మోక్షం ఇవ్వడు."

"అవునొదినా, కానీ ఆయన చూసేది పైనుంచే కదా" అని నవ్వేసేది మరదలు. అలాంటి మాటకి వార్డెనమ్మ జపమాల తీసి పూసలు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టేది.

ఇలా ఉండగా వాళ్ళ విచారణ, అంటే వాళ్ళ చర్చి నుంచి పైదేశంలోని ఒక పెద్ద మరియమాత గుడికి యాత్ర బయల్దేరింది. కొండమీద గుడి. ఎక్కడెక్కడి దేశాలనుంచో రోగులు వస్తారు. వారంపాటు అక్కడే సత్రంలో ఉంటారు, ఆఖరి రోజుల్లో ఒకనాడు దివ్యసత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే అప్పాన్ని, బంగారుపాత్రలో ఊరేగిస్తూ రోగుల వరసల మధ్యకి తెచ్చి ఒక్కొక్కరినీ ఆశీర్వదిస్తారు. చిన్నప్పటినుంచీ ఆ గుడి బొమ్మ వార్డెనమ్మ ప్రార్థన పుస్తకంలో ఉండేది. పేరిచ్చేసింది. కానీ ఆవిడ మోకాలు చూసి విచారణ ఫాదర్‌గారు తల అడ్డంగా ఊపారు.

"తోడు లేకుండా కుదరదమ్మా. అక్కడ చక్రాల కుర్చీ ఇస్తారు. తోసేవాళ్ళని మనమే తెచ్చుకోవాలి."

తమ్ముడికి సెలవు దొరకలేదు. వరండాలో అక్కాతమ్ముళ్ళు దిగాలుగా కూర్చుని ఉంటే, చేతికి అంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటూ మరదలు కర్టెన్ పక్కకి తీసి తల బయటపెట్టింది.

"నేను వెళ్తాగా! వచ్చేదాకా కొట్టు మూసేస్తే కొంప మునగదు. ఊళ్ళో వాళ్ళ కనుబొమ్మలు కాస్త పెరుగుతాయి, అంతే."

అలా కుదిరింది. "రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదు" అనుకుంది వార్డెనమ్మ.

విమానంలో కిటికీ పక్క మరదలు, నడవ పక్క వార్డెనమ్మ. పక్కపక్కన అంతసేపు వాళ్ళెప్పుడూ కూర్చోలేదు. చెప్పుకోడానికి ఏమీ లేక, ఇన్నేళ్ళూ అడగని మాట ఒకటి అడిగింది వార్డెనమ్మ.

"నీకీ విద్య ఎవరు నేర్పారే?"

మరదలు చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మ పురిట్లోనే పోయిందట. మేనత్త పెంచింది. ఆ మేనత్త పెళ్ళికూతుళ్ళకి జడలు వేసేది. ఎక్కడ పెళ్ళయితే అక్కడికి ఈ పిల్లని వెంటబెట్టుకెళ్ళేది. పెళ్ళింట్లో అందరూ భోజనాల దగ్గరుంటే ఈ పిల్ల పిన్నులు అందిస్తూ కూర్చునేది. ఒకసారి ఒక పెళ్ళికూతురు జడ సగం వేశాక, "నాకీ పెళ్ళి వద్దు" అని ఏడుపు మొదలుపెట్టిందట. ఇంటిల్లిపాదీ తలుపు బయట నిలబడి కేకలు. మేనత్త మాత్రం దువ్వుతూనే ఉంది. దువ్వగా దువ్వగా ఆ పిల్ల మనసులో ఉన్నదంతా బయటపెట్టింది. అప్పుడు మేనత్త ఆ జడ మళ్ళీ విప్పేసి, తలుపు తీసి, "పిల్లకి ఇష్టం లేదు, ముహూర్తం మానుకోండి" అని చెప్పి సామాను సర్దుకుని వచ్చేసిందట.

"మరి ఊరుకున్నారా?"

"ఊరుకుంటారా? మా అత్తని ఆ వీధిలోకి రానివ్వలేదు చాలాకాలం. ఆ పిల్ల మాత్రం తర్వాత తన ఇష్టప్రకారం చేసుకున్న పెళ్ళికి మా అత్తనే పిలిచింది." మరదలు నవ్వింది. "మనిషి తల మన చేతిలో పెట్టాక అబద్ధం చెప్పడం కుదరదు వదినా. అలా అని మా అత్త అనేది."

వార్డెనమ్మ వింటూ ముసుగు ఇంకాస్త ముందుకి లాక్కుంది.

ఎందుకంటే ఆ ముసుగు కింద ఒక రహస్యం ఉంది. మోకాలి సంగతి లోకానికంతా తెలుసు, కుంటుతుంది కాబట్టి. కుడి భుజం సంగతి ఎవరికీ తెలియదు. కొన్ని నెలలుగా ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం లేదు. తల దువ్వుకోవడం కుదరక ఎడంచేత్తో పైపైన సవరించుకుని, ముడిలా ఏదో చుట్టి, ముసుగేసుకుని గుడికి వెళ్ళేది. హాస్టల్లో అంతమంది పిల్లల తలలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసిన మనిషి, తన తల ఎవరికీ చూపించలేక దాచుకుంటోంది.

సత్రం నాలుగంతస్తుల పాత మేడ. వీళ్ళకిచ్చిన గదిలో రెండు ఇనప మంచాలు, ఒక చెక్క బీరువా, గోడకి సిలువ, కిటికీ అవతల ఎదుటి మేడ గోడా దానిమీద ఆరేసిన దుప్పట్లూ. స్నానాల గది వరండా చివర. తెల్లారగానే ఎవరో సిస్టర్ చేతిగంట వాయించుకుంటూ ప్రతి తలుపు ముందు నుంచీ నడిచి వెళ్ళేది. కింద పొడుగాటి బల్లల దగ్గర రొట్టె, పాలు. ఆ తర్వాత చక్రాల కుర్చీలన్నీ ఒకదాని వెనక ఒకటి రాళ్ళు పరిచిన వీధి ఎక్కేవి. ఆ రాళ్ళమీద కుర్చీ ఎగిరెగిరి పడుతుంటే, "నా నడుం కూడా బాగు చేయించుకోవాలి ఇక్కడే" అని గొణిగేది వార్డెనమ్మ. గుడిలో పూజ ఏ భాషలో జరుగుతోందో వీళ్ళకి తెలియదు. అయినా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో, ఎక్కడ రొమ్ము కొట్టుకోవాలో పొరపాటు పడలేదు. పరలోక జపం దగ్గరికొచ్చేసరికి ఎవరి భాషలో వాళ్ళు అందుకునేవాళ్ళు. అన్నీ కలిసి పెద్ద హోరు. అందులో తన తెలుగు కూడా ఉందన్నది వార్డెనమ్మకి గొప్పగా అనిపించేది.

మరదలికి ఆ ఊరు రెండు రోజుల్లో సొంతూరైపోయింది. ఒక సాయంత్రం దారి తప్పితే, కూరగాయలమ్మే ముసలాయన ముందు నిలబడి రెండు వేళ్ళతో సిలువ గుర్తు పెట్టి, చేతులు జోడించి, భుజాలెగరేసింది. ఆయన కొట్టు వదిలేసి వచ్చి మూడు వీధులు దాటించి, ఆ కుర్చీ తనే తోసి గుడి ముందు దింపి వెళ్ళాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీకు నోరు కూడా అక్కర్లేదు కదే" అంది వార్డెనమ్మ. మరదలి గురించి ఆవిడ అన్న మొదటి మంచి మాట బహుశా అదే.

అయితే అసలు సంగతి అంతకుముందే, మొదటి ఉదయమే జరిగింది. వార్డెనమ్మ మంచమ్మీద కూర్చుని ఎడంచేత్తో ముడి చుట్టుకోబోతుంటే ముసుగు జారింది. మరదలు చూసింది. వెనకవైపు జుట్టంతా అట్టకట్టి, పిచ్చుక గూడులా ముద్దగా ఉంది.

"వదినా, ఇలా తిరగండి."

"అక్కర్లేదు. గంట కొట్టేశారు."

"గంట కొట్టారనే తిరగమంటున్నా. వాదించుకుంటే ఇంకా ఆలస్యం."

అది హాస్టల్లో వార్డెనమ్మ వాడే మాటే. విని తిరిగి కూర్చుంది. మరదలు సంచిలోంచి వెడల్పు పళ్ళ దువ్వెన తీసింది. "ఇదేంటి ఇలా చేసుకున్నారు" అనలేదు. "నాకెందుకు చెప్పలేదు" అనలేదు. చేతిలో కాస్త నూనె వేసుకుని, ముద్దకట్టిన జుట్టుని కుదుళ్ళ దగ్గర ఒక చేత్తో బిగించి పట్టుకుంది, లాగినా నొప్పి తలకి ఎక్కకుండా. కింది కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి వచ్చింది. రానిచోట దువ్వెన పక్కన పెట్టి వేళ్ళతో పాయపాయా విడదీసింది. వార్డెనమ్మకి అమ్మ పోయాక తలమీద ఇంకొకరి చెయ్యి పడడం అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తెలియక, "తొందరగా కానీ" అంది. గొంతు మాత్రం వార్డెన్ గొంతులా రాలేదు.

గాలికోసం తలుపు తీసి ఉంచారు. ఎదుటి గదిలో ఎవరో దేశంకాని దేశపు అవ్వ ఉంది, ఎండు వెదురులా పొడుగ్గా, సన్నగా. చేతులు వణుకుతుంటాయి. ఆ అవ్వ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. చూసి, లోపలికి వెళ్ళి తన దువ్వెన తెచ్చుకుని, మాటా పలుకూ లేకుండా వీళ్ళ ముందుకి చాచింది. చెయ్యి వణుకుతుంటే దువ్వెన కూడా వణికింది.

మరదలు వదిన వైపు చూసింది. వదిన గడియారం వైపు చూసింది. ఆలోగా అవ్వ మంచమ్మీద కూర్చోనే కూర్చుంది.

మర్నాడు అవ్వ తన పక్క గది ఆవిణ్ణి తీసుకొచ్చింది. ఆ మర్నాడు తలుపు తీసేసరికి వరండాలో రెండు చక్రాల కుర్చీలు నిలబడి ఉన్నాయి. చెయ్యి లేవనివాళ్ళు, మెడ నిలపలేనివాళ్ళు, ఆస్పత్రి నుంచి తిన్నగా యాత్రకి వచ్చినవాళ్ళు. రోగికి మందు ఇచ్చేవాళ్ళుంటారు, తిండి పెట్టేవాళ్ళుంటారు. తల మాత్రం ఎవరికీ గుర్తురాదు. సత్రం సిస్టర్ ఇది కనిపెట్టి, దుప్పట్లు మడతపెట్టే గదిలో కిటికీ దగ్గర ఒక స్టూలు వేయించి, వేణ్ణీళ్ళు తెచ్చిపెట్టింది. మరదలు నీళ్ళు మోచేత్తో చూసుకుని, తలని అరచేతిలో ఆనించుకుని, కళ్ళలోకి సబ్బు దిగకుండా నుదుటిమీద మడిచిన గుడ్డ అడ్డం పెట్టి రుద్దేది. నోటికి మాత్రం విశ్రాంతి లేదు. "అవ్వా, నీ వయసులో నాకు ఇంత జుట్టుంటే జుట్టున్నవాళ్ళ సంఘం పెడతాను చూడు" అని తెలుగులో అంటే, అవ్వ తన భాషలో ఏదో చెప్పి బోసినోటితో నవ్వేది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా ఇద్దరికీ ఊసులు తరగలేదు.

వార్డెనమ్మకి ఒళ్ళు మండింది. రోజూ ఉదయ ప్రార్థనకి ఆలస్యంగా చేరుతున్నారు.

"సముద్రాలు దాటి దేవుడి దగ్గరికొచ్చి దుకాణం తెరిచావా?"

"దుకాణమైతే బోర్డు పెట్టేదాన్ని వదినా. కాస్త ఆ తువ్వాలు అందుకోండి."

తిట్టుకుంటూనే తువ్వాలు అందించింది.

యాత్ర బృందంలో ఒక గుమస్తాగారి భార్య ఉంది. అందరికంటే ముందు బెంచీ పట్టుకోవడం ఆవిడ వ్రతం. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర, నలుగురూ వినేలా, "వార్డెనమ్మగారూ, మీ మరదలు గుడికొచ్చిందా, సెలూన్‌కొచ్చిందా?" అంది. పొద్దున వార్డెనమ్మ అన్న మాటే ఇంచుమించు. కానీ అదే మాట పరాయి నోట వినేసరికి ఆవిడకి చెవుల దాకా వేడెక్కింది. చేతిలో రొట్టెముక్క కంచంలో పెట్టేసింది.

"మా ఇంటి పిల్లని నేనంటాను. అనడానికి నాకు హక్కుంది, పెంచిన తమ్ముడి భార్య. మీకేం హక్కుంది? నిన్న పూజలో ముందు బెంచీలో కూర్చుని మీరు దువ్విన తల ఎవరిదో చెప్పండి, వింటాను."

ఫాదర్‌గారు తల వంచుకుని సూపు మీదకి ఊదడం మొదలుపెట్టారు, అది ఎప్పుడో చల్లారిపోయినా. మరదలు నవ్వాపుకోలేక నీళ్ళ జగ్గు తీసుకుని లేచిపోయింది.

ఆశీర్వాదం రోజు వచ్చింది. వార్డెనమ్మ ఇంతదూరం వచ్చింది ఈ రోజు కోసమే. ముందు వరసలో చోటు దొరకాలంటే త్వరగా వెళ్ళాలని ఫాదర్‌గారు ముందురోజే హెచ్చరించారు. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, మరదలు చుట్టిన చక్కటి ముడితో, భోజనం కాగానే కుర్చీలో కూర్చుంది. "ఇవాళ ఎవరి తలా ముట్టుకోనని ఒట్టు పెట్టు" అంది. మరదలు ఒట్టు పెట్టింది.

దుప్పట్ల గది ముందు నుంచి వెళ్తుంటే, ఆ గుమ్మంలో ఒక తల్లీకూతుళ్ళు కాళ్ళ దగ్గర వేణ్ణీళ్ళ గిన్నె పెట్టుకుని నిలబడి ఉన్నారు. కూతురు చిన్నదే, హాస్టల్లో పెద్ద తరగతి పిల్లంత. తలకి గుడ్డ చుట్టుకుంది. తల్లి వీళ్ళని చూడగానే మరదలి చెయ్యి పట్టుకుని ఏదో గబగబా చెప్పింది. పిల్ల తల్లిని ఆపి, తనే గుడ్డ విప్పింది.

పెద్ద జబ్బుకి చేసిన వైద్యం వల్ల జుట్టు చాలామటుకు రాలిపోయింది. అక్కడక్కడ మాత్రం కుచ్చులు మిగిలాయి. చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. పిల్ల ఆ కుచ్చులు చూపించి, రెండు వేళ్ళు కత్తెరలా ఆడించింది. తర్వాత కిటికీలోంచి కనబడుతున్న గుడి వైపు చెయ్యి చాపింది. చెప్పింది అర్థమైపోయింది. ఇలా అతుకులబొంతలా కాదు, ఈ మిగిలింది కూడా తీసేసి శుభ్రంగా దేవుడి ముందుకి వెళ్ళాలి. అంతే ఆ పిల్ల కోరిక.

బయట గంటలు మొదలయ్యాయి. వరండాలో ఫాదర్‌గారు, "రండమ్మా, అందరూ కదిలారు" అని పిలుస్తున్నారు.

మరదలు వదిన ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "వదినా, ఒట్టు తీసి గట్టున పెట్టండి. మీరు ఫాదర్‌గారితో ముందు వెళ్ళండి. నేను పరిగెత్తుకుంటూ వచ్చేస్తా. మీకు ముందు వరస పోకూడదు."

వార్డెనమ్మ వెళ్ళేదే. ఆ మాటే నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు ఆ తల్లి కనబడింది. కూతురు చూడకుండా తలుపు వెనక నిలబడి, కొంగులాంటి గుడ్డేదో నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వార్డెనమ్మకి హాస్టల్ గుర్తొచ్చింది. ఒక ఏడాది పిల్లలకి విషజ్వరాలు పట్టుకున్నాయి. జుట్టు కత్తిరించక తప్పలేదు. ఒక్కో పిల్లా జుట్టు పోతోందని గుండెలు బాదుకుంటుంటే, వార్డెన్ అన్నమాట పక్కనపెట్టి ఒక్కొక్కరినీ ఒళ్ళో పట్టుకుని కూర్చుంది తను. ఆ పని తనకి వచ్చు. వచ్చిన పని కళ్ళముందుంటే కాదని ఎలా పోవడం?

"ఫాదర్‌గారూ, మీరు నడవండి. మేం వెనక వస్తాం" అని కేకేసి, మరదలి వైపు తిరిగింది. "నన్ను చూస్తావేం? నీళ్ళు చల్లారిపోతున్నాయి. ఆ గిన్నె ఇలా నా ఒళ్ళో పెట్టు. పిల్లని నాకు ఎదురుగా కూర్చోబెట్టు."

మరదలు కత్తెర కడిగి, తుడిచి, మొన చర్మానికి తగలకుండా పైకి ఎత్తి పట్టుకుంది. ఒక్కో కుచ్చు రెండు వేళ్ళ మధ్య తీసుకుని కుదురుదాకా తీసింది. పిల్ల వార్డెనమ్మ ఎడంచెయ్యి పట్టుకుంది. మొదటి కుచ్చు రాలినప్పుడు ఆ పట్టు బిగిసింది. వార్డెనమ్మ ఆ పట్టు వదిలించుకోకుండా, పెద్ద గొంతుతో మంగళవార్త జపం అందుకుంది. మరియమ్మ పేరు వినగానే పిల్ల తన భాషలో అందుకుంది. తలుపు వెనక తల్లి కళ్ళు తుడుచుకుని వచ్చి గొంతు కలిపింది. మరదలు పని అయ్యేదాకా ఒక్క హాస్యం ఆడలేదు, ఒక్కసారి తల ఎత్తలేదు. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో, కందినచోట కాకుండా చుట్టూ అద్ది, ఆరనిచ్చి, సిస్టర్ ఇచ్చిన మందు రాసి, వదులుగా గుడ్డ చుట్టింది. చుట్టడంలో కూడా ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. చెవి పక్కన చిన్న మడత పెట్టి, కొస పువ్వులా విప్పింది. పిల్ల కిటికీ అద్దంలో చూసుకుంది. అటు తిప్పి చూసుకుంది, ఇటు తిప్పి చూసుకుంది. అప్పుడు నవ్వింది.

వార్డెనమ్మ మరదలి ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఆ ముఖాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. ముక్కుమీద చెమట, పెదవి పంటితో నొక్కిపట్టిన గాటు. గుడిలో పీఠం ముందు నిలబడ్డ ఫాదర్ ముఖంలో కూడా ఆవిడ అంత శ్రద్ధ అరుదుగా చూసింది.

పిల్లకీ ఒక కుర్చీ తెచ్చి, మరదలూ ఆ తల్లీ చెరొకటి తోసుకుంటూ గుడి ఆవరణకి చేరేసరికి ముందు వరసలు కాదు కదా, వెనక వరసలు కూడా నిండిపోయాయి. గేటు పక్కన గోడవార నిలబడ్డారు. జనం వీపులు తప్ప ఏమీ కనబడదు. ఎక్కడో చాలా దూరంలో ఊరేగింపు కదులుతోంది. పాట వినబడుతోంది, ఆగుతోంది, మళ్ళీ వినబడుతోంది. వార్డెనమ్మ మెడ చాచింది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది, మోకాలు లేవనివ్వలేదు. చిన్నపిల్లలా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కనబడట్లేదే" అంది.

మరదలి ముఖం వాడిపోయింది. "నా వల్లే వదినా. నన్ను తిట్టండి."

"తిట్టడానికి ఓపిక లేదు. ఏం జరుగుతోందో చూసి చెప్పు."

పక్కన గోడకి ఆనుకుని పూలకుండీ దిమ్మ ఉంది. మరదలు దానిమీదకి ఎక్కేసింది. "తెల్లటి పందిరి కనబడుతోంది వదినా, నలుగురు మోస్తున్నారు. ముందు ధూపం. ఇప్పుడు ఆగారు. ఒక కుర్చీ దగ్గర వంగారు. అబ్బ, మన పొడుగు అవ్వే! ముడి బాగా నిలిచింది, ఇక్కడికి కూడా తెలుస్తోంది."

"ముడి సంగతి కాదే, దేవుడి సంగతి చెప్పు!"

"దేవుడి సంగతే చెబుతున్నా. అవ్వ మీద సిలువ గుర్తు వేస్తున్నారు. అవ్వ ఏడుస్తోంది. ఆ పక్కన మన గుమస్తాగారి భార్య, అవ్వకి చేతిరుమాలు ఇస్తోంది. చూశారా, మంచిదే పాపం. మీరే తొందరపడ్డారు."

ఏడుపు మధ్యలో వార్డెనమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి, భాష రాని పిల్ల కూడా నవ్వింది. దూరంగా గంట మోగింది, జనమంతా ఒక్కసారిగా మోకరించారు. అప్పుడు, ఆ వంగిన వీపుల మీదుగా, క్షణంపాటు, బంగారుపాత్ర మీద పడ్డ ఎండ తళుక్కుమంది. దగ్గరకి రాలేదు. వాళ్ళ వైపు తిరగనూ లేదు. వార్డెనమ్మ ఎడంచేత్తో సిలువ గుర్తు వేసుకుంది. తనకి రావలసింది వచ్చిందా రాలేదా అన్న ఆలోచన అప్పుడు ఆవిడకి తట్టలేదు. పక్కనున్న పిల్లకి దక్కాలని మాత్రం అడిగింది.

తిరిగొచ్చాక అందరూ అడిగారు, మోకాలు నయమైందా అని. కాలేదు. వానాకాలంలో ఇంకాస్త ఎక్కువైంది కూడా. భుజం మాత్రం రోజూ మరదలు నూనె రాసి, గోడమీద వేళ్ళు పాకించి, చెవిదాకా లేచేలా చేసింది. అది అద్భుతం కాదు, ఆస్పత్రివాళ్ళు నేర్పిన వ్యాయామం. ఆ పిల్ల ఏమైందో వీళ్ళకి తెలియదు. పేరు కూడా తెలియదు. అయినా రోజూ జపమాలలో ఒక పదిపూసల జపం "ఆ కిటికీ పిల్లకి" అని వార్డెనమ్మ కేటాయించింది.

కొన్నాళ్ళకి మరదలు, కొట్టు సెలవురోజున ఊళ్ళో పెద్దాస్పత్రి ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. వెళ్ళి, నర్సమ్మని అడిగి, మంచాల మధ్య స్టూలు వేసుకుంది. రెండో వారం వెనక్కి తిరిగి చూస్తే, చేతికర్ర టకటకలాడించుకుంటూ వార్డెనమ్మ వస్తోంది, చంకలో గిన్నె.

"నువ్వొక్కదానివే వెళ్తే అక్కడ వరస ఎవరు నిలబెడతారే? తోసుకుంటారు అందరూ."

అన్నట్టే వరస నిలబెట్టింది. ఆవిడ ఒక్క చూపు చూస్తే చాలు, నడవలేనివాళ్ళు కూడా మంచమ్మీదే సర్దుకుని తమ వంతు కోసం నిటారుగా కూర్చునేవాళ్ళు. ఒకనాడు కాలు విరిగి కట్టు కట్టుకున్న ముసలమ్మ ఒకావిడ, తల దువ్వించుకుంటూ వీళ్ళిద్దరి వాలకం చాలాసేపు గమనించింది. ఒకరు నీళ్ళు పోస్తే ఒకరు రుద్దడం, ఒకరు కసిరితే ఒకరు నవ్వడం.

"తల్లీకూతుళ్ళా అమ్మా మీరు?"

"కాదు" అంది వార్డెనమ్మ తువ్వాలు పిండుతూ.

"మరి అత్తాకోడళ్ళా?"

"అదీ కాదు. నేను దీని ఆడపడుచుని."

ముసలమ్మ నోరు తెరిచింది. ఒకసారి ఈవిణ్ణి, ఒకసారి ఆవిణ్ణి చూసింది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, విన్నాను. ఇలా పక్కన నిలబడి గిన్నె పట్టుకునే అర్ధమొగుణ్ణి మాత్రం నేనెక్కడా చూళ్ళేదు తల్లీ" అంది.

"మా ఆయనకంటే ఈ సగమే నయం అవ్వా" అంది మరదలు, దువ్వెన ఆపకుండా. వార్డంతా గొల్లుమంది. వార్డెనమ్మ గట్టిగా కసరబోయింది గానీ, చేతిలో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.